రిఫాంపిసిన్ క్షయ క్రిమినే ఎందుకు చంపుతుంది?

క్షయ రోగికి ఇచ్చే మందుల్లో రిఫాంపిసిన్ ముఖ్యమైనది. అది వాడేవారికి మూత్రం ఎరుపు, నారింజ కలిసిన రంగులో వస్తుంది. రక్తం పడుతోందని కంగారు పడేవారున్నారు. అది మందు రంగే. ఈ మందు క్రిమిని చంపి మన కణాలను వదిలేయడానికి కారణం, ఆ రెండింటి మధ్య ఉన్న ఒక పురాతన భేదం.

అసలు దస్తావేజును బీరువాలో భద్రపరచి నకలుతో పని నడుపుకుంటాం కదా. జీవకణంలో డి.ఎన్.ఎ. అసలు దస్తావేజు. ఏ ప్రోటీను తయారు కావాలన్నా అందులోని సంబంధిత భాగానికి ముందు ఆర్.ఎన్.ఎ. అనే నకలు తీయాలి. ఈ పనిని అనులేఖనం అంటారు. చేసేది ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్ అనే ఎంజైము.

బాక్టీరియాకు కేంద్రకం లేదు, దానిది ఒంటిగది ఇల్లు. అన్ని జన్యువులకూ ఒకే రకం పాలిమరేజ్. నకలు పూర్తి కాకముందే రైబోజోములు దాని మొదటి కొసను పట్టుకుని ప్రోటీను కట్టడం మొదలుపెడతాయి.

మన కణాల్లో ఇంత తొందర కుదరదు. డి.ఎన్.ఎ. కేంద్రకంలో ఉంటుంది, ప్రోటీన్లు బయట తయారవుతాయి. కేంద్రకంలో పాలిమరేజ్‌లు మూడు రకాలు. ప్రోటీన్ల కోసం తీసిన ముడి నకలుకు ముందు టోపీ, వెనుక తోక తగిలించి, మధ్యలో పనికిరాని ముక్కలను కత్తిరించి, మిగిలినవి అతికించాకే బయటికి పంపుతారు. ఈ ముక్కల సంగతి 1977లో బయటపడింది. ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ బహుమతి తెచ్చింది అదే.

రిఫాంపిసిన్ బాక్టీరియా పాలిమరేజ్‌లోని ఒక సందులో కూర్చుంటుంది. నకలు రెండు మూడు అక్షరాలు దాటకుండానే ఆగిపోతుంది. మన పాలిమరేజ్‌లలో ఆ సందు దానికి సరిపోయేలా లేదు. దీనికి తలకిందులు ‘డెత్ క్యాప్’ అనే పుట్టగొడుగు. దాని విషం మన పాలిమరేజ్‌ను ఆపి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, బాక్టీరియాను మాత్రం ఏమీ చేయదు.

అయితే ఆ సందును నిర్మించే జన్యువులో ఒక్క అక్షరం మారినా రిఫాంపిసిన్ క్రిమికి అంటకపోవచ్చు. అలాంటి క్రిములు కోట్లలో ఒకటీ అరా ఎప్పుడూ పుడుతుంటాయి. అందుకే ఈ మందును ఒంటరిగా ఇవ్వరు, మధ్యలో మానవద్దని అంతగా చెబుతారు. మానితే మిగిలేవి ఆ మొండి క్రిములే. మన ప్రభుత్వాసుపత్రుల్లో కళ్లెను సీబీనాట్ యంత్రంలో పెట్టి చూసేది సరిగ్గా ఆ జన్యువునే. సుమారు రెండు గంటల్లో ఫలితం వస్తుంది, రోగి ఖర్చు పెట్టనక్కరలేదు.