వ్యాపార లాప్‌టాప్‌ల తెర నాణ్యత, యాంటీగ్లేర్ పూత: తెలుగు పరిశోధకుని దృష్టి నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: వ్యాపార శ్రేణి లాప్‌టాప్ వివరణపత్రంలో 'యాంటీగ్లేర్' అనే మాట కనిపిస్తే తెర సంగతి తేలిపోయినట్లే భావించడం పరిపాటి. ఆ మాట దేనిని సూచిస్తుందో, దేనిని సూచించదో వివరించి, గుంటూరు, ప్రకాశం మైదానాల వెలుగులో తెలుగు లిపి పఠనానికీ, మిరప, పత్తి పంటల ఛాయాచిత్రాల పరిశీలనకూ ఏ కొలతలు చూడాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: తెర, పానెల్, యాంటీగ్లేర్ పూత, ప్రకాశం, వర్ణపరిధి, తెలుగు లిపి.

1. ప్రవేశిక

లాప్‌టాప్‌ను పరీక్షించే చోటు ఒకటి, వాడే చోటు మరొకటి. దుకాణంలోని దీపాల వెలుగు సుమారు 400 లక్సులు. కరెంటు పోయినప్పుడు వరండాలోకి కుర్చీ లాక్కునే అధ్యాపకుడికీ, మిరప కల్లం పక్కన చెట్టు నీడలో ప్రశ్నావళి నింపే పరిశోధకుడికీ ఎదురయ్యే వెలుగు 10,000 లక్సుల దాకా ఉండవచ్చు. నడి ఎండలో అది లక్షకు చేరుతుంది. దుకాణంలో ముచ్చటగా కనిపించిన తెర ఇక్కడ వెలవెలబోవడానికి కారణం ఈ వ్యత్యాసమే.

2. పూత చేసే పని, చేయని పని

పూత లేని గాజు తన మీద పడిన కాంతిలో దాదాపు 4 శాతాన్ని తిప్పి పంపుతుంది. ఈ కాంతి తెర సొంత వెలుగుతో కలిసి నల్లని అక్షరాన్ని బూడిదరంగుకు మారుస్తుంది. పరిసరాలు అన్నివైపులా సమానంగా వెలుగుతున్నాయనుకుని లెక్కిస్తే, 10,000 లక్సుల వద్ద ఇలా తిరిగివచ్చే వెలుగు సుమారు 127 నిట్లు. తెర ప్రకాశం 250 నిట్లయితే తెల్లని పుటకూ నల్లని అక్షరానికీ మధ్య నిష్పత్తి 3కు పడిపోతుంది. వెబ్ పుటలలోని మామూలు పాఠ్యానికి అంతర్జాతీయ సౌలభ్య ప్రమాణం కోరే కనీస నిష్పత్తి 4.5. అదే తెర మీద దుకాణపు వెలుగులో ఈ నిష్పత్తి 50 వరకు ఉంటుంది కనుక లోపం కొనుగోలుదారు కంటపడదు.

ఇక్కడ యాంటీగ్లేర్ పూత ఏం చేస్తుంది? తెర ఉపరితలాన్ని అతిసూక్ష్మంగా గరుకు చేసి, పడిన కాంతిని చెదరగొడుతుంది. ఆవిరి పట్టిన అద్దంలో ముఖం చెదిరినట్లు, వెనుకనున్న కిటికీ రూపురేఖలు చెదిరిపోతాయి. కంటికి హాయిగా ఉంటుంది, నిజమే. కాని తిరిగివచ్చే మొత్తం వెలుగు పెద్దగా తగ్గదు. కిటికీ ఉన్నచోట మాత్రమే కనిపించవలసిన తెలుపు తెరంతా పరుచుకుంటుంది. వెలుగును నిజంగా తగ్గించేది వేరొక పూత, ప్రతిఫలన నిరోధక పూత. మెగ్నీషియం ఫ్లోరైడ్ వంటి పదార్థాన్ని కాంతి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు మందంతో పరిస్తే, పూత పైతలం నుంచీ అడుగుతలం నుంచీ తిరిగివచ్చే తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. కళ్లద్దాల దుకాణంలో ఊదా రంగు ఛాయతో కనిపించేది ఈ పూతే. దీనితో ప్రతిఫలనం 1 శాతానికి తగ్గితే అదే 250 నిట్ల తెర మీద నిష్పత్తి దాదాపు 9కి పెరుగుతుంది. పూతను అలాగే ఉంచి ప్రకాశాన్ని 400 నిట్లకు పెంచితే వచ్చేది 4.1 మాత్రమే. ఈ రెండు పూతలనూ ఒకే మాటతో పిలవడం వల్ల జరిగే నష్టం ఇదీ.

3. దార, ధార

గరుకుదనానికి ఇంకొక మూల్యం ఉంది. పూతలోని సూక్ష్మమైన ఎత్తుపల్లాలు చిన్న కటకాల్లా పనిచేసి కొన్ని బిందువులను పెద్దవిగా, కొన్నింటిని చిన్నవిగా చూపుతాయి. తెల్లని పుట మీద ఇసుక చల్లినట్లు మినుకుమినుకుమనే ఆ లక్షణం, తెరలో బిందువులు దగ్గరయ్యేకొద్దీ, గరుకు మోటుగా ఉన్నకొద్దీ పెరుగుతుంది.

తెలుగు లిపికి ఇది చిన్న విషయం కాదు. 'దార'కూ 'ధార'కూ, 'పలము'కూ 'ఫలము'కూ మధ్య తేడా అక్షరం అడుగున ఉన్న ఒక చిన్న గీత. 'కద', 'కథ'ల మధ్య తేడాలో ఒక చుక్క పాలు ఉంది. 1366×768 బిందువులున్న 14 అంగుళాల తెర మీద అంగుళానికి 112 బిందువులు. అంటే నిజపరిమాణంలో చూసే 12 పాయింట్ల పాఠ్యానికి, ఒత్తులతో సహా, 19 బిందువుల ఎత్తే దక్కుతుంది. 1920×1200 తెరలో అది 27. పాత ముద్రణ ప్రతుల స్కాన్లలో సిరా చెదిరి, కాగితం మరకలు కలిసి ఉన్నచోట ఆ గీత ఉన్నదో లేదో తేల్చవలసింది పరిష్కర్త. అతని పాఠనిర్ణయంలో తెర కూడా ఒక పక్షమైపోతే ఆ పొరపాటును పట్టుకునే అవకాశం తరువాతి పాఠకుడికి ఉండదు.

4. మిరప ఎరుపు, పత్తి ఆకు ఎరుపు

చవక పానెళ్ల వివరణలో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని కనిపిస్తుంది. సాధారణ ఛాయాచిత్రాలు కోరే ఎస్‌ఆర్‌జీబీ పరిధి ఈ కొలమానంలో దాదాపు 72 శాతం. కొరతపడేవి ముఖ్యంగా గాఢవర్ణాలు. గుంటూరు యార్డులో సన్నం రకాన్ని విలువ కట్టేవాడు మొదట చూసేది ఎరుపునే. అటువంటి తెర మీద ఆ ఎరుపు ఇటుకరంగు వైపు వాలుతుంది. ఎగుమతిదారులకు ప్రయోగశాల కొలత ఉంది: అసిటోన్‌లోకి దిగిన రంగును 460 నానోమీటర్ల వద్ద కొలిచి ఆస్టా విలువ చెబుతారు. ఛాయాచిత్రం చూసి సలహా చెప్పే వ్యవసాయ అధ్యాపకుడికి ఆ వసతి లేదు. పత్తిలో పచ్చదోమ సోకితే ఆకు అంచులు పసుపుగా మారి ఎర్రబడతాయి. మెగ్నీషియం లోపమైతే ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం ఎర్రబడుతుంది. మందు ఒకదానికి, ఎరువు మరొకదానికి. మిరపలో పైముడత, కిందిముడతలను ఆకారం చూసి గుర్తించవచ్చు కాబట్టి అక్కడ రంగు లోపం అంతగా బాధించదు.

5. కొనుగోలులో

థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి శ్రేణులలో ఒకే మోడల్ పేరుతో వేర్వేరు పానెళ్లు వస్తాయి. పెట్టె మీది పేరు చూసి తెరను అంచనా వేయలేము. కళాశాల టెండరులో 'యాంటీగ్లేర్' అని మాత్రమే రాస్తే అతి తక్కువ ధరకు వచ్చేది ఆ శ్రేణిలోని అధమ పానెలే. అందులో తప్పేమీ లేదు, అడిగింది అదే. కనీసం 400 నిట్లు, పూర్తి ఎస్‌ఆర్‌జీబీ, ఐపీఎస్ పానెల్, 14 అంగుళాలకు 1920×1200 బిందువులు అని విడివిడిగా రాయాలి. ప్రతిఫలన శాతాన్ని సాధారణంగా ప్రకటించరు కనుక నమూనా యంత్రాన్ని వరండాలోకి తెచ్చి, తెల్లచొక్కా వేసుకుని ఎదురుగా కూర్చుని, దార, ధార అని 12 పాయింట్లలో తెరిచి చూడటమే మార్గం.

మిరప కోతల కాలంలో తెర మీద చేరే ధూళిని పొడిగుడ్డతో రుద్దితే పూత గీతలు పడుతుంది. ముందు మెల్లగా ఊది, ఆపై కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. అమోనియా కలిసిన అద్దాల ద్రావకం వాడకూడదు. ఊదేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలని గుంటూరువారికి చెప్పనక్కరలేదు.