మన వాగు ఇసుకకూ సముద్రానికీ చుట్టరికం

మనలో చాలామంది సముద్రం చూసి ఉండరు. కాని మన జంపన్న వాగు ఇసుకకు సముద్రంతో చుట్టరికం ఉంది. మన ఇండ్లల్ల "ఉసికె" అనేది దీన్నే. ఆ చుట్టరికం ఏందో తెలుసుకుందాం.

ఇసుక ఎట్ల పుడుతుంది? బండలు ఎండకు కాగి, చలికి చల్లారి, వానకు నాని పగులుతాయి. ఆ ముక్కలను వరద దొర్లిస్తుంది. మెత్తని రాయి అరిగి మట్టి అవుతుంది. గట్టిదైన పలుగురాయి మాత్రం చిన్న చిన్న రేణువులుగా మిగులుతుంది. 2 మిల్లీమీటర్ల కన్నా చిన్నగా, ఒండ్రు కన్నా పెద్దగా ఉండే రేణువులనే ఇసుక అంటారు. ఇసుక మళ్లీ రాయి కూడా అవుతుంది! రామప్ప గుడి గోడలకు వాడిన ఇసుకరాయి అట్ల తయారైందే. ఎప్పుడో కోట్ల ఏండ్ల కింద పేరుకున్న ఇసుక అణిగి, గట్టిపడి రాయి అయింది.

జంపన్న వాగు గోదావరిలో కలుస్తుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్లు పారి బంగాళాఖాతం చేరుతుంది. వరద వచ్చినప్పుడల్లా ఇసుక కొంత దూరం జరుగుతుంది, వరద తగ్గితే ఆగిపోతుంది. ఇట్ల ఏండ్లకేండ్లు ప్రయాణం చేసి సముద్రానికి పోతుంది. అక్కడ అలలు దాన్ని ఒడ్డు వెంట ఉత్తరం దిక్కుకు నెట్టుతాయి. కాకినాడ ముందర ఉన్న హోప్ ఐలాండ్ అనే పొడుగాటి ఇసుక దిబ్బ అట్ల ఏర్పడిందే. అది అలల దెబ్బను తాను కాసి కాకినాడ రేవును కాపాడుతుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి, ఆ ఇసుకలో గుంత తీసి గుడ్లు పెట్టిపోతాయి. ఇసుక వేడికే గుడ్లు పొదుగుతాయి.

మరి పైనుంచి ఇసుక రాకపోతే? అలలు ఉన్న ఒడ్డును కోసుకుపోవడం మాత్రం ఆపవు. గోదావరి మీద, దాని ఉపనదుల మీద కట్టిన పెద్ద డ్యాములు పొలాలకు నీళ్లిచ్చాయి, నిజమే. కాని ఇసుకా ఒండ్రూ వాటి వెనుకనే ఆగిపోతున్నాయి. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. డెల్టా అంచున చాలాచోట్ల సముద్రం ముందుకొచ్చింది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో ఇండ్లూ రోడ్డూ కోతకు గురయ్యాయి.

ఇది వాళ్ల బాధే, మనకేం అనుకోవద్దు. ఎండకాలం వాగులో చెలిమె తీస్తే నీళ్లెట్ల ఊరుతున్నాయి? ఇసుక రేణువుల సందుల్లో వాననీరు దాగి ఉంటుంది కాబట్టి. ఇసుకంతా తోడి లారీలకెత్తితే నీళ్లు దాగే చోటే ఉండదు. చెలిమె ఎండుతుంది, దగ్గరి బావులూ ఎండుతాయి. ఇల్లు కట్టుకోవడానికి ఇసుక కావాలి, తప్పదు. కాని వరద తెచ్చే దానికన్నా ఎక్కువ తీస్తే వాగుకూ నష్టమే, సముద్రం ఒడ్డుకూ నష్టమే.

చేసి చూడండి: ఎండిన వాగు ఇసుకలో అయస్కాంతం తిప్పండి. నల్లని రేణువులు అంటుకుంటే అది ఇనుప ఖనిజం. అది ఏ గుట్ట నుంచి వచ్చి ఉంటుందో మీ సారును అడగండి!