జట్టు లెక్క, ఇంటి లెక్క

అమీర్‌పేట కూడలి నుంచి పంజాగుట్ట వైపు వెళ్ళే దారిలో సాయంవేళ ఏ చాయ్ హోటల్ ముందు నిలబడినా రెండు చర్చలు చెవిన పడతాయి. ఒకటి ఆటల గురించి, రెండవది ధరల గురించి. ఫలానా ఆటగాడిని ఎందుకు ఆడించలేదని ఒకరు వాదిస్తుంటే, పక్క బల్ల దగ్గర మరొకరు కంది పప్పు ధర చెప్పి నిట్టూరుస్తుంటారు. ఈ రెండు చర్చలకూ సంబంధం లేదని మనం అనుకుంటాము. కాస్త ఆలోచిస్తే రెండింటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటేనని తెలుస్తుంది. చేతిలో ఉన్న ధనం మీద మొదటి హక్కు ఎవరిది?

పంజాగుట్టలో మాకొక మిత్రులు ఉన్నారు. అమీర్‌పేటలో కంప్యూటర్ శిక్షణ కేంద్రాల నడుమ ఆయనకు ఒక చిన్న జిరాక్స్ దుకాణం ఉన్నది. మైత్రీవనం పరిసరాల్లోని హాస్టళ్ళలో ఉండి కోర్సులు నేర్చుకునే యువకులే ఆయన ఖాతాదారులు. కోవిడ్ తర్వాత పాఠాలు చాలావరకు ఆన్‌లైన్‌కు మారటంతో దుకాణం రాబడి మునుపటిలా లేదు. ఇంట్లో భార్య, కాలేజీకి వెళ్ళే కూతురు, పాఠశాలలో చదివే కొడుకు, వృద్ధురాలైన తల్లి ఉన్నారు. దుకాణంలో ఒక సహాయకుడు ఉన్నాడు. ఆయనకు సిగరెట్టు అలవాటు లేదు, పాన్ అలవాటు లేదు. ఉన్న ఒకే ఒక్క మక్కువ ఫుట్‌బాల్. హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు పుట్టిన రోజు నుంచి ఆయన దాని అభిమాని.

ఆ జట్టు మీద ఆయన అభిప్రాయాలు వినదగినవే. ఇండియన్ సూపర్ లీగ్‌లో 2019లో అడుగుపెట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చారు. పేరు పొందినవారి కోసం వెతకకుండా ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్రవాళ్ళకు అవకాశం ఇచ్చారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్ 1-1తో సమమైంది. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపారు. 3-1తో కప్పు మన నగరానికి వచ్చింది. "ఇల్లు అయినా జట్టు అయినా పిల్లలను నమ్మినవాడే గెలుస్తాడు మౌలానా సాబ్" అని మా మిత్రులు ఆనాడు చెప్పిన మాట నాకు జ్ఞాపకమున్నది. ఆ ఇద్దరు కుర్రవాళ్ళూ ఆ తర్వాత వేరే క్లబ్బులకు తరలిపోయినప్పుడు, "తాకట్టులో ఉన్న నగను విడిపించలేక వదులుకున్నట్లు ఉన్నది" అని బాధపడ్డారు.

ఆయన అనుమానం నిజమే అయింది. 2022-23లో జట్టు లీగ్ పట్టికలో రెండవ స్థానంలో నిలిచింది. అదే కాలంలో లోపల డబ్బుకు కటకట మొదలైంది. జీతాలు సకాలంలో అందటం లేదని ఆటగాళ్ళు, సిబ్బంది వాపోయారు. బకాయిల మీద ఫిర్యాదులు వెళ్ళగా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా కొత్త ఆటగాళ్ళ నమోదుపై నిషేధం విధించింది. 2024 జనవరి నాటికి విదేశీ ఆటగాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రవాళ్ళు తంగ్‌బోయ్ సింగ్టో శిక్షణలో ఆ సీజన్‌ను ఎలాగో పూర్తి చేశారు. ఆడిన 22 ఆటలలో ఒక్క గెలుపు, 5 సమాలు, 16 ఓటములు. రెండేళ్ళ క్రితం కప్పు గెలిచిన జట్టు 12 జట్లలో 12వ స్థానానికి దిగిపోయింది.

ఆ శీతాకాలంలో మా మిత్రుల కోపానికి అంతులేదు. కప్పు గెలిచిన సంబరంలో ఖర్చు చేయటం తెలిసినవారికి కష్టపడ్డవాడి కూలి ఇవ్వటం తెలియలేదా అని వచ్చినవారితో, పోయినవారితో వాదించేవారు. శ్రామికుని చెమట ఆరకముందే అతని వేతనం చెల్లించాలన్న దైవప్రవక్త (స) బోధనను కూడా గుర్తు చేసేవారు. ఆయన మాటలో తప్పు లేదు.

ఒకనాటి రాత్రి భోజనాల వేళ ఆయన ఇదే ప్రసంగం మొదలుపెట్టగా, అంతవరకు మౌనంగా వింటున్న ఆయన భార్య మెల్లగా ఇలా అన్నారట. "ఏమండీ, ఆ జట్టువాళ్ళకు ఎన్ని నెలల జీతం రావాలో మీకు నోటికి వచ్చు. మన దుకాణంలో పిల్లవాడికి ఎన్ని నెలలది ఇవ్వాలో చెప్పండి."

రెండు నెలలది ఇవ్వాలి. పాల ఖాతా ఒక నెలది మిగిలి ఉన్నది. కొడుకు పాఠశాలలో ఆఖరి విడత ఫీజుకు గడువు దాటింది. అదే మూడు నెలలలో టికెట్లకు, రానుపోను ఖర్చులకు, మైదానం దగ్గర తినుబండారాలకు, జట్టు పసుపు రంగు చొక్కాలు రెండింటికి అయిన మొత్తాన్ని ఆమె ఒక పాత క్యాలెండర్ వెనుక రాసి ఉంచారు. ఆ మొత్తం సహాయకుని ఒక నెల జీతానికి ఇంచుమించు సరిపోయేది. ఈ సంగతి మా మిత్రులే నాకు స్వయంగా చెప్పారు. పేరు లేకుండా పదిమందికీ చెప్పమన్నారు కనుకనే ఇక్కడ రాస్తున్నాను.

పాఠకులు గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ కుటుంబంలో విలాసమేదీ లేదు. పంజాగుట్ట స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడ నుంచి ఆటోలో గచ్చిబౌలి మైదానానికి పిల్లలను తీసుకువెళ్ళటం పాపమేమీ కాదు. తండ్రి పిల్లలతో గడిపే సాయంత్రం కూడా ఒక సంపదే. పొరపాటు ఖర్చులో లేదు, వరుసలో ఉన్నది. వెనుక నిలబడవలసిన ఖర్చు ముందుకు వచ్చి కూర్చున్నది. ముందుండవలసిన బాకీ గుమ్మం బయట నిలబడింది. అడిగే ధైర్యం లేనివాడి డబ్బు అన్నిటికంటె తేలికగా వాయిదా పడుతుంది. కరెంటు బిల్లు కట్టకపోతే సరఫరా ఆగిపోతుంది కనుక కడతాము. పనిమనిషి జీతం ఆలస్యమైతే ఆమె తలవంచుకుని వెళ్ళిపోతుంది కనుక మరచిపోతాము. మానవుల హక్కులను హక్కుదారులే క్షమించాలని మనం మదర్సాలో పిల్లలకు నేర్పుతాము. ఆ పాఠానికి మొదటి పరీక్ష మన ఇంటి ఖాతా పుస్తకంలోనే ఉన్నది.

ఇదే హైదరాబాద్‌లో ఒకప్పుడు ఫుట్‌బాల్ ఎలా నడిచిందో కొత్త తరానికి చెప్పాలి. 1909లో ఇక్కడే జన్మించిన సయ్యద్ అబ్దుర్రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన నాటికే ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడిస్తున్నది. మరుసటి ఏడు జూన్ 11న ఆయన కన్నుమూశారు.

ఆ పోలీస్ జట్టులో కోట్ల ఒప్పందాలు లేవు. ఆటగాళ్ళు పోలీసు శాఖలో ఉద్యోగులు. జీతం చిన్నదే గాని దానికి ఒక స్థిరత్వం ఉండేది. ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న నిశ్చింతతో మైదానంలో దిగినవాడి కాలు తడబడదు. సికింద్రాబాద్ అమ్ముగూడ పేద కుటుంబం నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం సాధనకు రావటానికి దారి ఖర్చులకు కూడా ఇబ్బంది పడుతుంటే, సైకిల్ అద్దెకు రహీం సాబ్ సహాయం చేశారన్న ముచ్చట పాత ఆటగాళ్ళందరికీ తెలిసిందే. ఆ బలరాం తర్వాత మెల్‌బోర్న్‌లోనూ, జకార్తాలోనూ దేశం తరఫున ఆడారు. జట్టు నడిపే పెద్ద మొదట ఎవరి అవసరాన్ని చూశారో గమనించండి. కప్పు గురించి ఆలోచించే ముందు కుర్రవాడు మైదానానికి ఎలా చేరతాడని ఆయన ఆలోచించారు.

ఇక మితిమీరిన అభిమానం గురించి ఒక మాట. 2022 నవంబరులో ప్రపంచ కప్పు జరుగుతున్నప్పుడు కేరళలో అభిమానం ఉప్పొంగింది. కోళికోడ్ జిల్లా పుల్లావూర్‌లో నది దగ్గర మెస్సీ, నెయ్మార్, రొనాల్డోల భారీ కటౌట్లు లేచాయి. అప్పుడు సమస్తకు చెందిన ఖతీబుల సంఘం ఒక హెచ్చరిక చేసింది. ఆటను ఆటగా చూడండి, దుబారా చేయకండి, నమాజును విడవకండి అన్నది దాని సారాంశం. కొందరు ఆ మాటను విమర్శించారు. నా మటుకు నాకు అది ఆటకు వ్యతిరేకంగా తోచలేదు. రోజు కూలీ చేసే యువకుడు కటౌట్ చందా కోసం అప్పు చేస్తే, ఆ అప్పును ఆ ఆటగాళ్ళెవరూ తీర్చరు. శరీరానికి బలమిచ్చే ఆటను ధర్మం ప్రోత్సహించింది. హద్దు దాటిన ఖర్చును, అంటే ఇస్రాఫ్‌ను వారించింది. ఈ రెండు మాటలనూ కలిపి వినాలి.

ఖర్చులు మన చెప్పుచేతల్లో ఉండవన్నది నిజమే. 2025 ఏప్రిల్‌లో ఇంటి గ్యాస్ సిలిండర్‌పై ఒక్కసారిగా 50 రూపాయలు పెరిగింది. మే నెలలో మెట్రో చార్జీలు పెరిగాయి. అంతకుముందు 10 రూపాయలున్న కనిష్ఠ చార్జీ, 60 ఉన్న గరిష్ఠ చార్జీ, తర్వాత ప్రకటించిన 10 శాతం తగ్గింపు పోను, 11కు, 69కి చేరాయి. రోజూ కాలేజీకి మెట్రోలో వెళ్ళే కూతురున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు. ధరను మనం దించలేము. వరుసను మాత్రం దిద్దుకోగలము.

మా మిత్రుల ఇంట్లో ఆ రాత్రి తర్వాత జరిగింది ఇదే. ఆలుమగలు ఒక నోటు పుస్తకం తెచ్చి మూడు గళ్ళు గీశారు. మొదటి గడిలో ఇతరులకు చెల్లించవలసినవి: సహాయకుని జీతం, పాల ఖాతా, అద్దె, అప్పు వాయిదా. రెండవ గడిలో ఇంటికి తప్పనిసరి అయినవి: బియ్యం, పప్పు, గ్యాస్, ఫీజు, తల్లి మందులు. ఇందులోనే కొంత దానానికి, కొంత ఆపద సమయానికి తీసి పెడతారు. మూడవ గడిలో ముచ్చట్లు. మొదటి రెండు నిండిన తర్వాతే మూడవదానికి చెయ్యి వెళ్ళాలన్నది నియమం. కూరగాయల కోసం వారానికి ఒకసారి ఎర్రగడ్డ రైతు బజారుకు వెళ్ళటం మొదలుపెట్టారు. సహాయకుని పాత బాకీ మూడు నెలలలో తీరింది. ఇప్పుడు ప్రతి నెల మొదటి తేదీన ఇంటి సరుకుల కంటె ముందు అతని జీతం కవరు సిద్ధమవుతుంది.

ఫుట్‌బాల్ మానేశారా అని మీరు అడగవచ్చు. మానలేదు. మూడవ గడిలో మిగిలినన్ని ఆటలకే వెళ్ళారు. చాలాసార్లు ఇంట్లోనే పిల్లలతో కూర్చుని చూశారు. సెలవు రోజుల్లో కొడుకును దగ్గరి మైదానానికి తీసుకుపోయి తామే బంతి తన్నటం మొదలుపెట్టారు. ఆటను చూసే తండ్రికి ఆడే తండ్రిగా మారటం అన్నిటికంటె చవకైన మార్పు.

క్లబ్బు కథ మరోలా ముగిసింది. 2024లో యాజమాన్యం బి.సి. జిందాల్ గ్రూపుకు మారింది. 2025 అక్టోబరులో జట్టు హైదరాబాద్ విడిచి ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకున్నది. గచ్చిబౌలి మైదానంలో పసుపు చొక్కాలు వేసుకుని అరిచిన పిల్లలకు ఇప్పుడు ఆ జట్టు లేదు. మా మిత్రుల కొడుకు ఆ చొక్కాను ఇప్పటికీ వేసుకుంటాడు. "మన జట్టు ఎందుకు వెళ్ళిపోయింది అబ్బా" అని అడిగితే, "బాకీలు పెరిగిన ఇంట్లో మనుషులు నిలవరు నాన్నా" అని ఆయన జవాబిచ్చారట.

అప్పుల్లో పడిన క్లబ్బును మరొకరు కొనుక్కోవచ్చు, పేరు మార్చవచ్చు, మరో నగరానికి తీసుకుపోవచ్చు. కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఈ నెల జీతం చేతికి రాగానే సోదరులు, సోదరీమణులు కలిసి కూర్చుని ముందుగా ఒక్క ప్రశ్న వేసుకోవాలని నా విన్నపం. మన దగ్గర రావలసినది ఉండి కూడా అడగలేకపోతున్నవారు ఎవరు? వారి పేరు మొదటి గడిలో, మొదటి వరుసలో రాయండి.