కారంపూడిలో అద్దె కత్తులు చెల్లవు

కారంపూడి: నాటకానికైతే వెండి కాగితం అంటించిన చెక్క కత్తి చాలు, అద్దెకు దొరుకుతుంది. పల్నాటి వీరుల తిరునాళ్లలో అది చెల్లదు. ఇక్కడ ఆయుధాన్నే వీరుడిగా భావించి మొక్కుతారు.

12వ శతాబ్దంలో నాగులేటి ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధాన్ని కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులపాటు తిరిగి జరుపుతారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు.

ఆచారవంతులు తమ ఊళ్ల నుంచి కొణతాలు తెస్తారు. కొణతమంటే వీరుడి ఆయుధం. తాతల నాటినుంచి ఇంట్లో పూజలందుకునేది. వాటిని నాగులేట శుభ్రం చేసి, పసుపు కుంకుమలతో అలంకరించి వీర్లగుడికి మోసుకొస్తారు. కత్తి ఒక్కటే సరంజామా కాదు సుమా! కోడిపోరుకు పుంజులు కావాలి. మందపోరునాడు చాపదే పెద్దపీట. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టిన చాపకూడు ఆ రోజుదే.

ఇనుముకు తుప్పు ఒక్కటే శత్రువు కాదు. మోయవలసిన కుర్రవాడు బతుకుతెరువుకు దూరం పోతే కొణతం అటకెక్కుతుంది, దాని కథ ముసలివారితో పోతుంది. ఏది ఏ వీరుడిదో, ఏ ఇంటిదో పెద్దలుండగానే రాయించి, ఫోటో తీయించాలి. అన్నీ ఒకచోట చేరేది ఈ ఐదు రోజులే.