బేరం కుదిరింది.. మరి పార్సిల్ సంగతేంటి?

‘షిప్పింగ్ ఫ్రీ తమ్ముడూ’ అని టైప్ చేయడానికి నాకు రెండు సెకన్లు పట్టింది. ఆ మాట ఖరీదెంతో మర్నాడు కొరియర్ ఆఫీసులో తెలిసింది.

రెండేళ్లుగా బీరువా మీద దుమ్ము పట్టిన నా కీబోర్డుని ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టా. మొదట వచ్చినవాడు ఆర్మీ ఆఫీసర్నన్నాడు. ఓ క్యూఆర్ కోడ్ పంపి, ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బులొస్తాయి’ అన్నాడు. డబ్బులు రావడానికి పిన్ ఎందుకు? బ్లాక్ చేసేశా. (ఎవరైనా కొట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.) రెండోవాడు ఖమ్మంలో డిగ్రీ చదివే కుర్రాడు. ఆరు వేలకి బేరం తెగింది.

పెద్ద షాపింగ్ యాప్‌లలో అయితే లేబుల్ వాళ్లే ఇస్తారు, మనిషి ఇంటికొచ్చి పట్టుకెళ్తాడు. మనిషికీ మనిషికీ మధ్య జరిగే ఇలాంటి అమ్మకాల్లో చాలాసార్లు అవేవీ ఉండవు. డబ్బాలో పెట్టడం దగ్గర్నుంచి అవతలి చేతిలో పడేదాకా అంతా మన తంటాలే.

కొరియర్ ఆఫీసు కాటా మీద ఐదు కిలోలు తూగింది. బిల్లు పన్నెండు కిలోలకి వేశారు! వాదించబోతే ఆయన టేపు తీసి కొలిచాడు. పొడవు 100 సెంటీమీటర్లు, వెడల్పు 40, ఎత్తు 15. మూడూ గుణిస్తే 60,000. దాన్ని 5,000తో భాగిస్తే 12. దీన్నే వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. డబ్బా బండిలో ఎంత చోటు తింటుందో దాన్ని కిలోల్లోకి మార్చి, అసలు బరువుతో పోల్చి, ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ వేస్తారు. థర్మోకోల్ కుక్కి కుక్కి డబ్బాని లావు చేసింది నేనే కదా, ఎవర్నంటాం?

‘ఎంజీబీఎస్‌కి పోరా’ అన్నాడు రూమ్మేట్. తెలంగాణ ఆర్టీసీ 2020 నుంచి కార్గో పార్సిళ్లు తీసుకుంటోంది. పార్సిల్ బస్సులో వెళ్తుంది, అవతలివాళ్లు బస్టాండ్ కౌంటర్‌కొచ్చి తీసుకుంటారు. నాకు కొరియర్ కంటే చాలా తక్కువైంది. చిన్న వస్తువులకైతే నేను స్పీడ్ పోస్టే వాడతా. 2025లో రిజిస్టర్డ్ పోస్ట్ కూడా దాంట్లోనే కలిసిపోయింది. కాస్త ఎక్కువ కడితే ఓటీపీ చెప్తేనే ఇచ్చే సౌకర్యం కూడా ఉంది. ఖరీదైన వస్తువైతే బుకింగ్ అప్పుడే బీమా గురించి అడగండి, తర్వాత అడిగి లాభం లేదు.

ఛార్జీ గొడవ తీరింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

‘అన్నా, డబ్బులేశాక మీరు ఫోన్ ఎత్తకపోతే?’ అన్నాడు కుర్రాడు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బట. చివుక్కుమంది. కానీ నిరుడు 2,200 ముందే కట్టి నేను తెప్పించుకున్న హెడ్‌ఫోన్లు ఒకవైపే మోగాయి. ‘నేను పంపినప్పుడు బాగానే ఉన్నాయ్’ అన్నాడు అమ్మినవాడు. కాదనడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు.

అందుకే వీడియో కాల్ పెట్టా. ప్రతి మెట్టూ నొక్కి వినిపించా, సీరియల్ నంబర్ చూపించా, సెల్స్ తీసేశా, అడాప్టర్‌ని విడిగా చుట్టి మూల పెట్టా. డబ్బా ఊపితే లోపల టకటక! విప్పి మళ్లీ సర్దా. టేపు వేసేదాకా కాల్ కట్ చేయలేదు. రసీదు ఫొటో పంపగానే సగం, డబ్బా విప్పి వాయించి చూశాక మిగతా సగం అనుకున్నాం. విప్పేటప్పుడు తనూ వీడియో తీయాలి. ‘వాడు ఎగ్గొడితే?’ అని రూమ్మేట్ నవ్వాడు. భయం నాకూ ఉంది మరి.

మర్నాడు పదకొండింటికి ఖమ్మం బస్టాండ్ నుంచి ఫోన్. అన్ని మెట్లూ మోగుతున్నాయట. కానీ వెనక బ్యాటరీ మూత విరిగింది. వీడియోలో బాగానే ఉంది, అంటే దారిలో పోయినట్టే. ఆ నష్టం ఎవరిదో మాత్రం ముందు అనుకోలేదు. ‘రెండొందలు పట్టుకుని వెయ్ తమ్ముడూ’ అన్నా.

కాసేపటికి 2,900 పడ్డాయి. కింద మెసేజ్: ‘చెరి సగం అన్నా’.