200 గంటల తర్వాతే అసలు చదువు

కర్నూలు జిల్లా ఓర్వకల్లులో విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. మూడు రోజులకే, మార్చి 28న, బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు ఇండిగో సర్వీసులు మొదలయ్యాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన ఈ విమానాశ్రయం రన్‌వే పొడవు 2,000 మీటర్లు. ఇలాంటి చోట దిగడానికి సరిపోయే విమానం ఏటీఆర్ 72-600. దానికి రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఆరు రెక్కల ప్రొపెల్లర్ ఉంటాయి. ఇండిగో అందులో 78 సీట్లు వేసింది. నిండు బరువుతో ఎగిరేటప్పుడు దాని బరువు 23 టన్నులు.

ఆ విమానంలో కుడివైపు సీటులో కూర్చునే కో-పైలట్ వయసు చాలాసార్లు పాతికేళ్లు కూడా దాటదు. ఇదే జిల్లాలోని ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి పిల్లలు ఆ సీటు దాకా వెళ్లాలంటే ఏం చేయాలని అడిగితే వచ్చే సమాధానాలన్నీ లైసెన్స్ దగ్గరే ఆగిపోతాయి. లైసెన్స్ చేతికొచ్చి, ప్రాంతీయ విమాన సంస్థ ఉద్యోగం ఇచ్చాక జరిగే శిక్షణ గురించి చెప్పేవాళ్లు తక్కువ. వడపోత ఎక్కువగా జరిగేది అక్కడే. ముందుగా సిద్ధమై వచ్చినవారికి, ఊరికే వచ్చినవారికి తేడా మొదటి వారంలోనే బయటపడుతుంది.

200 గంటలంటే ఎంత?

కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, అడిగేది మొత్తం 200 గంటల ఫ్లయింగ్. అందులో 100 గంటలు సొంత బాధ్యత మీద నడపాలి. 20 గంటలు ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లాలి. వాటిలో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగాలి. 10 గంటలు కేవలం పరికరాలు చూస్తూ, 5 గంటలు రాత్రిపూట నడపాలి. రాతపరీక్షల్లో ప్రతి పేపరులోనూ 70 శాతం రావాలి.

రోజుకు 8 గంటల పని లెక్కన చూస్తే 200 గంటలంటే 25 రోజులు. అందులోనూ ఎక్కువ భాగం నాలుగు సీట్లు దాటని చిన్న విమానంలో, గంటకు 200 కిలోమీటర్ల లోపు వేగంతో గడిచినదే. ఏటీఆర్ గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ 2013 నుంచి ప్రాంతీయ విమాన సంస్థలో కో-పైలట్‌గా చేరాలన్నా సాధారణంగా 1,500 గంటలు ఉండాలి. మిలిటరీ నుంచి వచ్చినవారికి, విశ్వవిద్యాలయాల్లో విమానయానం చదివినవారికి కొంత సడలింపు ఉంది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయిన తర్వాత వచ్చిన నిబంధన ఇది. అయితే ఆ విమానం కెప్టెన్‌కు 3,300 గంటలకు పైగా, కో-పైలట్‌కు 2,200 గంటలకు పైగా అనుభవం ఉంది. వేగం తగ్గిపోయి విమానం హెచ్చరించినప్పుడు ముక్కును కిందికి దించాల్సింది పోయి కెప్టెన్ పైకి లాగారు. అంటే గంటల సంఖ్య ఒక్కటే కాపాడదు. ఆ గంటల్లో ఏం నేర్చుకున్నారు, అవసరమైన క్షణంలో చేతికి ఏం గుర్తొస్తుంది అన్నదే ముఖ్యం.

మన దేశంలో 200 గంటలకే ఆ సీటు దొరుకుతుంది. అందుకే మిగతా బరువంతా విమాన సంస్థ ఇచ్చే శిక్షణ మీద, అభ్యర్థి చేసుకునే తయారీ మీద పడుతుంది.

చేరాక ఏం జరుగుతుంది?

సంస్థలను బట్టి కొద్ది తేడాలున్నా వరస మాత్రం దాదాపు ఒకటే.

మొదటిది తరగతి గది. సంస్థ నిబంధనలు, భద్రత, ప్రమాదకర సరుకుల రవాణా, అత్యవసర పరిస్థితుల్లో ప్రయాణికులను దించడం, కాక్‌పిట్‌లో ఇద్దరు కలిసి పనిచేసే పద్ధతి ఇక్కడ చెబుతారు. రెండోది టైప్ రేటింగ్, అంటే ఒక రకం విమానం నడిపే అర్హత, కోసం గ్రౌండ్ స్కూల్. ఏటీఆర్‌లో కరెంటు, హైడ్రాలిక్స్, ఇంధనం, మంచు పట్టకుండా చేసే ఏర్పాట్లు ఒక్కొక్కటిగా చదవాలి. మూడోది సిమ్యులేటర్. నాలుగోది బేస్ ట్రైనింగ్, అంటే ప్రయాణికులు లేని అసలు విమానంతో ఎగరడం, దిగడం. చివరిది లైన్ ట్రైనింగ్. ఇక్కడ ప్రయాణికులతోనే, శిక్షకుడైన కెప్టెన్ పక్కన కూర్చుని నడుపుతారు. దాని చివర జరిగే పరీక్ష దాటితే ‘రిలీజ్’ అయినట్టు. మొత్తం కలిపి నాలుగు నుంచి ఆరు నెలలు అనుకోవాలి. సిమ్యులేటర్ ఖాళీ లేకపోతే ఇంకా పెరుగుతుంది.

ఈ వరసలో అందరూ భయపడేది సిమ్యులేటర్‌కే. ఒక సెషన్ నాలుగు గంటలు. ఇద్దరు అభ్యర్థులు జోడీగా వెళ్తారు. రెండు గంటలు ఒకరు నడిపితే మరొకరు సాయం చేస్తారు, తర్వాత స్థానాలు మారతాయి. పది సెషన్లు అనుకుందాం. మొత్తం 40 గంటలు. అందులో మీ చేతిలో విమానం ఉండేది 20 గంటలే. ఇంజన్ ఆగిపోవడం, మంటలు, ఒక్క ఇంజనుతో దిగడం, దిగబోయి మళ్లీ పైకి లేవడం, ఇవన్నీ ఆ 20 గంటల్లోనే రావాలి. ఏ స్విచ్ ఎక్కడుందో అక్కడ కూర్చుని వెతికితే ఆ గంటలు వెతుకులాటకే సరిపోతాయి.

రెండు ప్రమాదాలు చెప్పిన పాఠం

2015 ఫిబ్రవరి 4న తైపీలో ట్రాన్స్‌ఏషియా సంస్థ ఏటీఆర్ 72-600 విమానం ఎగిరిన కాసేపటికే రెండో ఇంజను శక్తి కోల్పోయింది. కాక్‌పిట్‌లో లీవరు వెనక్కి లాగి ఆపేసింది మాత్రం బాగా పనిచేస్తున్న మొదటి ఇంజనును. దాదాపు మూడు నిమిషాల్లో విమానం నదిలో పడింది. 58 మందిలో 43 మంది చనిపోయారు.

2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో యెతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72-500 దిగబోతోంది. రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్స్‌ను 30కి దించమని ఒకరు అడిగారు. దించినట్టే రెండోవారు బదులిచ్చారు. నిజానికి కదిలినది పక్కనే ఉన్న, ప్రొపెల్లర్లను అదుపు చేసే కండిషన్ లీవర్లు. రెండు ప్రొపెల్లర్లూ గాలిని నెట్టడం మానేశాయి. విమానంలో ఉన్న 72 మందీ ప్రాణాలు కోల్పోయారు.

ఈ రెండు చోట్లా కాక్‌పిట్‌లో ఉన్నవారు 200 గంటల కొత్తవారు కాదు. విమానాలు కూడా మన ఊళ్లకు తిరిగే తరగతివే. శిక్షకులు ‘చేయి పెట్టు, చూడు, చెప్పు, రెండోవారు సరేనన్నాకే కదుపు’ అని పదేపదే చెప్పేది ఇందుకే. కొత్తగా చేరినవారికి అది చాదస్తంగా అనిపించవచ్చు. ఆ చాదస్తం లేకపోతే ఎంత ఖరీదో 43, 72 అన్న సంఖ్యల్లో కనిపిస్తుంది.

చేరకముందు ఆరు వారాలు: 144 గంటల లెక్క

ఉద్యోగ ఉత్తరం వచ్చాక శిక్షణ మొదలయ్యేలోపు సాధారణంగా కొన్ని వారాల ఖాళీ దొరుకుతుంది. ఆరు వారాలు, వారానికి 6 రోజులు, రోజుకు 4 గంటలు పెట్టుకుంటే 144 గంటలవుతాయి. వాటిని ఇలా పంచుకోవచ్చు.

పరికరాలు చూస్తూ నడపడానికి 30 గంటలు. ఇంట్లో కంప్యూటర్ మీద ఉండే సాదా సిమ్యులేటర్ చాలు. ఎత్తు, వేగం, దిశ, ఈ మూడింటి మీద కళ్లు తిరుగుతూ ఉండే అలవాటు తుప్పు పట్టకుండా చూసుకోవాలి. లైసెన్స్ వచ్చి ఏడాది దాటినవారు మొదట తడబడేది ఇక్కడే.

విమానం వ్యవస్థలకు 40 గంటలు. పుస్తకం బట్టీపట్టకుండా ఒక్కో వ్యవస్థను తెల్లకాగితం మీద బొమ్మ గీసి ఎవరికైనా వివరించగలగాలి. ఉదాహరణకు, ఏటీఆర్‌లో నేల మీద కరెంటు ఇచ్చే చిన్న ఇంజను విడిగా ఉండదు. కుడి ఇంజనును నడుపుతూనే దాని ప్రొపెల్లర్‌ను బ్రేకుతో పట్టి ఉంచుతారు. దీన్ని ‘హోటల్ మోడ్’ అంటారు. ఇది ఎందుకు, ఎలా అని చెప్పగలిగితే ఇంజను, హైడ్రాలిక్స్, కరెంటు మూడూ ఒకేసారి అర్థమైనట్టు.

కాక్‌పిట్ వరసలకు 40 గంటలు. నిజం సైజు కాక్‌పిట్ పోస్టర్ గోడకు అంటించి, ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు కదుపుతూ, మాటలు పైకి చెబుతూ సాధన చేయాలి. పైలట్లు దీన్ని చైర్ ఫ్లయింగ్ అంటారు. ఎమ్మిగనూరు నేతగాడి చేయి మగ్గం మీద నాడె కోసం వెతుక్కోదు. కాక్‌పిట్‌లో మీ చేతికీ ఆ అలవాటే రావాలి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఒక సంస్థ పద్ధతి, పలికే మాటలు మరో సంస్థకు సరిపోవు. ఎక్కడో దొరికిన వేరే సంస్థ చెక్‌లిస్ట్ బట్టీపడితే, నేర్చుకున్నది మరిచిపోవడానికే రెట్టింపు శ్రమ అవుతుంది. చేరకముందు స్విచ్‌లు ఎక్కడున్నాయో నేర్చుకోండి. మాటలు, పరిమితుల అంకెలు మీ సంస్థ ఇచ్చిన పుస్తకం నుంచే తీసుకోండి.

నోటిలెక్కలకు 20 గంటలు. మిగిలిన 14 గంటలు రేడియో ఇంగ్లిష్‌కు. అంతర్జాతీయ ప్రమాణంలో ఆరు స్థాయిలుంటే పైలట్‌కు కనీసం నాలుగోది కావాలి. తెలుగు మాధ్యమంలో చదివినవారు దీనికి జంకనక్కర్లేదు. కావలసింది సాహిత్యం కాదు. స్పష్టంగా పలకడం, విన్నది తప్పు లేకుండా తిరిగి చెప్పడం, అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని వెంటనే అడగడం చాలు.

మన ఎండలో నోటిలెక్క

శిక్షణలో అడిగే లెక్కలు మన నేల మీదే చేసి చూద్దాం.

ఆదోని సముద్రమట్టానికి సుమారు 1,400 అడుగుల ఎత్తున ఉంది. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, ప్రతి వెయ్యి అడుగులకు 2 డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన ఆదోనిలో ఉండాల్సింది సుమారు 12 డిగ్రీలు. మే నెలలో 42 ఉందనుకుంటే తేడా 30. ఒక్కో డిగ్రీకి 120 అడుగులు కలపాలి. 30ని 120తో గుణిస్తే 3,600. దానికి 1,400 కలిపితే 5,000 అడుగులు. అంటే ఆ మధ్యాహ్నం విమానం రెక్కకు ఆదోని నేల 5,000 అడుగుల ఎత్తున్న చోటులా తోస్తుంది. గాలి సాంద్రత దాదాపు 14 శాతం తక్కువ. ఇంజను శక్తి తగ్గుతుంది, ఎగరడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. ప్రామాణిక పరిస్థితుల్లో, సముద్రమట్టం దగ్గర, నిండు బరువున్న ఏటీఆర్ 72-600కు సుమారు 1,300 మీటర్లు చాలు. ఎండాకాలంలో ఆ అంకె అలా ఉండదు. ఓర్వకల్లులోలా 2,000 మీటర్ల రన్‌వే ఉన్నా బరువు లెక్క చూడక తప్పదు.

రెండో లెక్క దిగడానికి. 15,000 అడుగుల నుంచి దాదాపు 1,000 అడుగుల ఎత్తున్న రన్‌వేకు రావాలంటే దిగాల్సింది 14,000 అడుగులు. వేలను మూడుతో గుణించండి. 42 నాటికల్ మైళ్లు, సుమారు 78 కిలోమీటర్లు. ఓర్వకల్లుకు పడమర నుంచి వచ్చే విమానం దాదాపు ఎమ్మిగనూరు దగ్గరికి వచ్చేసరికే దిగడం మొదలుపెట్టాలి. చివర్లో నేల మీది వేగం 120 నాట్లయితే ఐదుతో గుణించండి. నిమిషానికి 600 అడుగుల చొప్పున దిగితే మూడు డిగ్రీల వాలు నిలుస్తుంది. ఇవి కాగితం, కాలిక్యులేటర్ లేకుండా మూడు సెకన్లలో రావాలి.

డబ్బు కంటే ముందు మెడికల్

లైసెన్స్, టైప్ రేటింగ్ కలిపి ఖర్చు అరకోటి దాటి కోటి దాకా పోతుంది. 50 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు కట్టాల్సింది సుమారు 69 వేలు. మొత్తం కట్టేది 82 లక్షలకు పైనే. వాన మీద ఆధారపడిన పత్తి చేను తాకట్టు పెట్టే ఇంటికి ఇది చిన్న లెక్క కాదు.

అందుకే వరస తప్పకూడదు. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో ఇంటర్ పూర్తయ్యాక మొదట క్లాస్ 2, తర్వాత క్లాస్ 1 మెడికల్, అంటే పైలట్ల వైద్య పరీక్షలు. అది చేతికొచ్చాక రాతపరీక్షలు. ఇవి దాటాకే ఫ్లయింగ్‌కు పెద్ద మొత్తం కట్టాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో 1985లో కేంద్రం పెట్టిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ప్రవేశ పరీక్షను కూడా వదులుకోవద్దు.

ఉద్యోగాల తీరు కూడా తెలిసి ఉండాలి. 2022లో డీజీసీఏ 1,165 కమర్షియల్ లైసెన్సులిచ్చింది. 2023లో 1,622. ఒక్క ఏడాదిలో దాదాపు 39 శాతం పెరుగుదల. పోటీ అంతగా పెరిగింది. ప్రాంతీయ సంస్థల ఆయుష్షు కూడా గ్యారంటీ కాదు. ప్రాంతీయ విమాన సర్వీసుల కోసం కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాద్ సర్వీసు మొదలుపెట్టిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. సంతకం పెట్టే ముందు శిక్షణ బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, సంస్థే మూతపడితే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట. ప్రపంచంలో పైలట్లలో మహిళలు సుమారు 5 శాతమైతే మన దేశంలో దాదాపు 15 శాతం. ఈ చదువులో అమ్మాయికి దారి లేదని ఎవరైనా అంటే ఈ అంకె చూపించండి.

కాక్‌పిట్ సీటుకు పట్నం పుట్టుక అవసరం లేదు. మెడికల్ తేలకముందు పొలం తాకట్టు పెట్టకండి. లైసెన్స్ వచ్చిందని పుస్తకం మూసేయకండి. ఉద్యోగ ఉత్తరం వచ్చిన రోజే గోడకు పోస్టర్ అంటించి ఆ 144 గంటలు మొదలుపెట్టండి. మీ వెనక కూర్చోబోయే 78 మందికి మీరు ఇవ్వగలిగిన మొదటి హామీ అదే.