ఔత్సాహిక చిత్రకథకులు – వారి పరికరాలు

బొమ్మలను వరుసగా పేర్చి, వాటి నడుమ మాటలను పొదిగి కథ చెప్పే ప్రక్రియను మనం చిత్రకథ అంటున్నాం. బొమ్మల కథ అనీ, కామిక్స్ అనీ కూడ వ్యవహరిస్తున్నాం. వర్ణచిత్రానికి రంగు ప్రాణమైతే చిత్రకథకు గీత ప్రాణం. రంగు లేకపోయినా చిత్రకథ నిలుస్తుంది. గీత స్పష్టంగా లేకపోతే నిలువదు. ఈ చిన్న సత్యాన్ని గుర్తించకపోవడం వల్లనే మన విద్యార్థులలో పలువురు ఈ కళను ఆరంభంలోనే విడిచిపెడుతున్నారని మా అభిప్రాయం.

ఏటేటా కళాశాల పత్రికకు వచ్చే రచనలతో పాటు కొన్ని బొమ్మలు కూడ మాకు అందుతుంటాయి. వాటిలో హెచ్చుభాగం నోటుపుస్తకపు కాగితం మీద పెన్సిలుతో గీసినవి. చేతిలో పట్టుకొని చూచినప్పుడు ముచ్చటగొలిపే బొమ్మ అచ్చులోకి వచ్చేసరికి మసకబారిపోతుంది. దానిని చూచిన విద్యార్థి తనకు బొమ్మలు రావని తీర్మానించుకుంటాడు. లోపం అతని చేతిలో లేదు. పెన్సిలుకూ అచ్చుకూ పొత్తు కుదరకపోవడంలో ఉన్నది. మరొక విద్యార్థిని వేల రూపాయల ఖరీదు చేసే ఎలక్ట్రానిక్ పలక ఉంటే తప్ప చిత్రకథ సాధ్యం కాదని భావించి అసలు మొదలే పెట్టదు. ఈ ఇద్దరినీ నిలబెట్టగల ప్రశ్న ఒక్కటే: పరికరాన్ని దేనిని బట్టి ఎంచుకోవాలి? ధరను బట్టి కాదు. బొమ్మ ఏ మార్గాన పాఠకునికి చేరుతుందో దానిని బట్టి. ఈ కళ పుట్టుకే ఇందుకు నిదర్శనం.

ఆధునిక చిత్రకథకు ఆద్యుడని పలువురు చరిత్రకారులు పేర్కొనే రొడోల్ఫ్ టోప్ఫర్ (1799–1846) వృత్తిరీత్యా చిత్రకారుడు కాడు. పాఠాలు చెప్పుకొనే అధ్యాపకుడు. స్విట్జర్లాండులోని జెనీవా ఆయన స్వస్థలం. తండ్రి పేరుపొందిన చిత్రకారుడు. తానూ తండ్రి బాటలో నడవాలనుకున్నాడు గాని, కంటిజబ్బు కారణంగా ఆ ఆశను వదులుకోవలసివచ్చింది. బాలుర కోసం వసతి పాఠశాల నడుపుతూ, శిష్యుల వినోదార్థం కలంతో హాస్యకథలు గీయసాగాడు. ఆ వ్రాతప్రతులను 1830–31 ప్రాంతంలో జర్మన్ మహాకవి గేటే చూచి మెచ్చుకున్నాడు. ఆ ప్రోత్సాహం ఊతగా 1833లో మొదటి పుస్తకం అచ్చయింది. 1842 నాటికి ఆయన కథ ఒకటి ఆంగ్లరూపంలో న్యూయార్కు చేరింది.

టోప్ఫర్ ఎంచుకున్న ముద్రణ పద్ధతి ఇక్కడ గమనార్హం. ఆ కాలంలో బొమ్మను అచ్చువేయాలంటే వేరొక పనివాడు దానిని కొయ్య మీదనో లోహపు రేకు మీదనో తిరిగి చెక్కేవాడు. గీసినవాని గీతలోని చురుకు ఆ చెక్కడంలో పోయేది. 18వ శతాబ్ది చివర సెనెఫెల్డర్ కనిపెట్టిన శిలాముద్రణలో ఆ బాధ లేదు. జిడ్డుకూ నీటికీ పొసగదన్న సూత్రం మీద అది పనిచేస్తుంది. కాని రాతి మీద నేరుగా గీయాలంటే సర్వమూ కుడియెడమలుగా తిప్పి గీయాలి. మాటలను కూడ అట్లే వ్రాయాలి. అందుచేత టోప్ఫర్ పూతపూసిన కాగితం మీద జిడ్డు సిరాతో, మామూలుగా ఉత్తరం వ్రాసినట్లే, బొమ్మనూ దాని క్రింది వాక్యాన్నీ కలంతో దించేవాడు. ఆ కాగితాన్ని రాతికి అద్దితే గీత రాతిమీదకు దిగుతుంది. అచ్చులో సరియైన దిశలోనే వస్తుంది. సన్నని ఛాయలకు ఆ పద్ధతిలో అంతగా వీలు లేదు; చురుకైన గీతకు వీలున్నది. ఆయన బలమూ గీతలోనే ఉన్నది. ఈ పద్ధతిని వివరిస్తూ 1842లో ఒక చిన్న గ్రంథమే రచించాడు.

ఈ సంగతి ఉర్దూ ముద్రణ చరిత్ర తెలిసినవారికి కొత్తగా తోచదు. ఒకదానిపై ఒకటి ఒరిగి జాలువారే నస్తాలీఖ్ అక్షరాలు సీసపు అచ్చులకు సులభంగా లొంగలేదు. అందువల్ల మన దేశంలో ఉర్దూ గ్రంథాలు శిలాముద్రణనే ఆశ్రయించాయి. 1858లో లక్నోలో స్థాపితమైన నవల్ కిశోర్ ముద్రణాలయం ఈ పద్ధతిలోనే వేలాది గ్రంథాలను లోకానికి అందించింది. కాతిబ్ సిద్ధం చేసిన కాగితం మీద జిడ్డు సిరాతో వ్రాసేవాడు. దానిని రాతికి దించేవారు. జెనీవా అధ్యాపకుని చిత్రకథ, లక్నో కాతిబ్ వ్రాసిన గ్రంథం ఒకే జాతి ముద్రణకు బిడ్డలు. 1981లో నూరీ నస్తాలీఖ్ కంప్యూటరు అక్షరాలు వచ్చిన తరువాత కూడ ఈ చేతివ్రాత ఒక్కసారిగా అంతరించలేదు. 1927లో మద్రాసులో ప్రారంభమైన 'ముసల్మాన్' దినపత్రిక 21వ శతాబ్దిలోనూ ఖుష్‌నవీసుల చేతివ్రాతతో వెలువడింది. ఖుష్‌నవీసు అక్షరాన్ని కొలిచే కొలబద్ద తన ఖలం మొనతో పెట్టిన చుక్కే. మొన వెడల్పు మారితే అక్షరం పరిమాణమంతా మారుతుంది. పరికరం గీతకు కొలతనిస్తుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు.

శిక్షణ పొందిన చిత్రకారులకే ఈ కళ దక్కుతుందన్న భయమూ అక్కరలేదు. తెలుగు గీతకు పర్యాయపదమైన బాపు (1933–2014) చదివినది న్యాయశాస్త్రం. జపాను చిత్రకథకు దారి చూపిన ఒసాము తెజుకా 1946లో తొలి చిత్రకథను ప్రకటించేనాటికి వైద్య విద్యార్థి. అదే జపానులో 1975 డిసెంబరు 21న టోక్యోలో ఔత్సాహికులు తమ సొంత చిత్రకథా పుస్తకాలను తెచ్చి అమ్ముకొనేందుకు మొదటిసారి కూడినప్పుడు పాల్గొన్నవి 32 బృందాలు. వచ్చినవారు సుమారు 700 మంది. తరువాతి కాలంలో ఆ కూడిక లక్షల జనం వచ్చే సంతగా పెరిగింది.

ఇక పరికరాల విషయం. చిత్రకథను ముందు పెన్సిలుతో గీసి, దానిపై సిరాతో దిద్ది, పిదప పెన్సిలు గీతలను చెరపడం సామాన్య పద్ధతి. ఇందుకు హెచ్.బి. పెన్సిలు చాలు. మరీ గట్టిదైతే కాగితం మీద గాడి పడుతుంది. మరీ మెత్తనిదైతే సిరాపనిలో చేతికి అంటి కాగితాన్ని మలినపరుస్తుంది. కొందరు లేత నీలి పెన్సిలు వాడుతారు. పూర్వం అచ్చు కోసం తీసే ఛాయాచిత్రంలో ఆ నీలం పడేది కాదు. స్కానరులోనూ దానిని వేరుచేసి తొలగించడం సులభం. సిరా పూర్తిగా ఆరిన తరువాతనే రబ్బరు పట్టాలి.

సిరా గీతకు మూడు మార్గాలున్నాయి. మొదటిది పుల్లకు తొడిగి సిరాలో ముంచి వ్రాసే పాళీ. ఒత్తిడి పెంచితే గీత లావవుతుంది, తగ్గిస్తే సన్నబడుతుంది. ఒకే గీతలో రెండు గుణాలూ పలుకుతాయి. ఇది చవక, కాని కొన్ని వారాల అభ్యాసం కోరుతుంది. దీనికి వాడే నల్లని ఇండియన్ ఇంకులో మసితో పాటు లక్కజిగురు ఉంటుంది. ఆరితే నీటికి చెదరదు. ఆ కారణంగానే దానిని ఫౌంటెన్ పెన్నులో పోయరాదు; లోపల గడ్డకట్టి పెన్ను పాడవుతుంది. రెండవది కుంచె. తల వెంట్రుకలు, బట్టల ముడుతలు, నల్లని నీడలు దీనితో హృద్యంగా వస్తాయి. అయితే చేయి కుదురుకొనడానికి ఎక్కువ కాలం పడుతుంది. పని కాగానే కడగకపోతే మొన చెడుతుంది. మూడవది నారమొన గల డ్రాయింగ్ పెన్ను. ఆది నుండి అంతం వరకు గీత ఒకే మందాన సాగుతుంది. కొత్తవారికి, అక్షరాలకు, గళ్ళ అంచులకు ఇది అనువైనది. కొనేటప్పుడు దానిమీది సంఖ్యను మిల్లీమీటరుగా పొరబడరాదు. పిగ్మా మైక్రాన్ పెన్నులలో 01 అని ఉన్నదాని గీత మందం 0.25 మిల్లీమీటరు, 05 అని ఉన్నదానిది 0.45.

ఈ మందాలకు గల ప్రాముఖ్యం అచ్చు దగ్గర తెలుస్తుంది. సాధారణంగా బొమ్మను అచ్చు పరిమాణం కంటె పెద్దదిగా గీసి తగ్గిస్తారు. తగ్గించినప్పుడు చిన్న వణుకులు కనుమరుగవుతాయి. ఎ-4 కాగితం మీద గీసి ఎ-5 పుటకు తగ్గిస్తే పొడవు వెడల్పులు నూటికి 71 వంతులవుతాయి. 0.25 మిల్లీమీటరు గీత 0.18కి దిగుతుంది. అంతకంటె సన్నని గీతలు జిరాక్సులో తెగిపోయే ప్రమాదం ఉన్నది. పెన్సిలుతో రుద్దిన బూడిదరంగు నీడ జిరాక్సులో కొంత ఎగిరిపోతుంది, కొంత మరకవుతుంది. నీడ కావలసినచోట సన్నని గీతలను దగ్గరదగ్గరగా గాని, ఒకదాని మీద ఒకటి అడ్డంగా గాని గీయాలి. అప్పుడు యంత్రానికి నలుపు తెలుపులు మాత్రమే కనిపిస్తాయి. పాఠకుని కంటికి నీడ కనిపిస్తుంది.

మాటల విషయంలో మన రెండు భాషలకూ ప్రత్యేక సమస్యలున్నాయి. ఆంగ్లంలోని పెద్దబడి అక్షరాలు రెండు గీతల మధ్య ఇమిడిపోతాయి. తెలుగు అక్షరానికి పైన గుడులు, తలకట్లు, క్రింద ఒత్తులు ఉంటాయి. వరుసల నడుమ చోటు చాలకపోతే పై వరుస ఒత్తు క్రింది వరుస గుడిని తాకుతుంది. కావున ముందు మాటలు వ్రాసి, తరువాత వాటి చుట్టూ బుడగ గీయాలి. బుడగ గీసి మాటలను ఇరికించరాదు. ఉర్దూలో సమస్య దిశకు సంబంధించినది. ఉర్దూ చిత్రకథలో గళ్ళు కుడి నుండి ఎడమకు నడవాలి. ముందు మాటలాడే పాత్ర కుడివైపున నిలవాలి. తెలుగుకు గీసిన పుటను అద్దంలో వలె తిప్పి ఉర్దూకు వాడుకుంటే, కుడిచేత కలం పట్టినవాడు ఎడమచేత పట్టినవాడవుతాడు. గోడమీది గడియారం వెనుకకు నడుస్తుంది. రెండు భాషలలోనూ వెలువడవలసిన కథను మొదటి నుండే రెండు దిశలనూ దృష్టిలో ఉంచుకొని కూర్చాలి.

ఎలక్ట్రానిక్ పలకను మేము నిరసించడం లేదు. తప్పు గీతను క్షణంలో తుడిచివేయవచ్చు. సిరా ఖర్చు లేదు. క్రితా వంటి ఉచిత సాఫ్ట్‌వేరు కూడ లభిస్తున్నది. అయితే తెర లేని చవక పలక మీద చేయి ఒకచోట, చూపు ఒకచోట ఉంటాయి; దానికీ అభ్యాసం కావాలి. అచ్చుకు పోయే గీతబొమ్మను అంగుళానికి 600 చుక్కల సాంద్రతతో సిద్ధం చేయాలి. లేకుంటే ఖరీదైన పలక మీది గీత కూడ అచ్చులో రంపపు పళ్ళ వలె కనిపిస్తుంది. పాళీకి వర్తించిన నియమమే పలకకూ వర్తిస్తుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో రెండు మనవులు. మొదటిది: పత్రిక పుట కొలతలను, ముద్రణ విధానాన్ని విద్యాసంవత్సరం మొదట్లోనే ప్రకటింపజేయాలి. బొమ్మ ఎక్కడికి చేరుతుందో తెలిసిన విద్యార్థి దానికి తగినట్లు గీయగలడు. రెండవది: గ్రంథాలయంలో ఒక బల్ల మీద కొన్ని పాళీలు, సిరా, దళసరి కాగితం, స్కేలు ఉంచాలి. కొనలేని విద్యార్థికి ఆ బల్లే చిత్రశాల అవుతుంది.

వీటితో ఏమి చేయవచ్చునో కూడ చెప్పి ముగిస్తాం. ఒక ఎ-4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పుటలు. రెండు కాగితాలను ఒకదానిలో ఒకటి అమర్చి మడిస్తే ఎనిమిది పుటల పుస్తకం. తెలుగు లెక్కన బయటి కాగితానికి ఒక ప్రక్క 8, 1 పుటలు, రెండవ ప్రక్క 2, 7 పుటలు వస్తాయి. లోపలి కాగితానికి ఒక ప్రక్క 6, 3 పుటలు, రెండవ ప్రక్క 4, 5 పుటలు వస్తాయి. తెలుగు కథ ఈ అట్ట నుండి నాలుగు పుటలు, ఉర్దూ కథ ఆ అట్ట నుండి నాలుగు పుటలు నడచి, నడిమి పిన్నుల దగ్గర ఎదురుపడతాయి. ఇందుకు కావలసినది ప్రతికి రెండు కాగితాలు, ఒక జిరాక్సు యంత్రం, ఇద్దరు విద్యార్థులు. వచ్చే సంవత్సరం ఈ పత్రికతో పాటు అటువంటి పుస్తకం ఒకటి మా చేతికి అందుతుందని ఆశిస్తున్నాం.